క్రిమి చచ్చాక ఆ మందు మన కణాలను ఏం చేస్తుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో "ఇంట్లో ఉన్న ఫ్లోర్ క్లీనర్, హ్యాండ్‌వాష్, డెటాల్ సీసాల మీద లేబుల్స్ ఒకసారి చదవండి" అని రాశాను కదా, బెంగళూరు నుంచి చాలామంది నిజంగానే చదివి ప్రశ్నలు పంపారు. ఈసారి పేజీ మొత్తం వాటికే. నేను బయోకెమిస్ట్రీ చెప్పే మనిషిని, వైద్యం చేసే డాక్టర్ని కాదు, కాబట్టి మందు మార్చడం, ఆపడం లాంటివి మాత్రం మీ డాక్టర్‌తోనే మాట్లాడండి.

మేడమ్, మా పాపకి 9 నెలలు, ఇల్లంతా పాకేస్తోంది. పనావిడ రోజూ ఫ్లోర్ క్లీనర్ వేసి తుడుస్తుంది. లేబుల్ చూస్తే బెంజాల్కోనియం క్లోరైడ్ అని ఉంది, దాని గురించి వెతికితే కణాల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ తెస్తుందని కనిపించింది. అప్పట్నుంచి నిద్ర లేదు. మానేయాలా? – ఒక తల్లి, బెళ్ళందూరు

అంత భయం అక్కర్లేదమ్మా, అలాగని మీరు చదివింది అబద్ధమూ కాదు. రెండూ ఎలా కుదురుతాయో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మిగతా జవాబులన్నిటికీ ఇదే పునాది.

మన కణాల్లో మైటోకాండ్రియా తిండిని ఆక్సిజన్‌తో కలిపి శక్తి తీస్తుంది, ఆ పనిలో ఎలక్ట్రాన్లు ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కి చేతులు మారుతుంటాయి, మధ్యలో కొన్ని జారిపోయి ఆక్సిజన్‌కి అంటుకుంటాయి, అదే సూపరాక్సైడ్. ఇది ప్రతి కణంలో ప్రతి క్షణం జరిగేదే. దాన్ని పట్టుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైమ్ ఒకటుంది, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు దాని పని ఏంటో కనిపెట్టారు. తర్వాత ఆ పెరాక్సైడ్‌ని కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనేవి నీళ్ళుగా మార్చేస్తాయి. ఈ గ్లూటాథయోన్ అనేది మూడు అమైనో ఆమ్లాలు కలిసిన చిన్న పదార్థం, అందులో ఒకటైన సిస్టీన్‌కి ఉండే గంధకమే అసలు పని చేసేది. కిరాణా కొట్టు గల్లాపెట్టెలో చిల్లర ఎలాగో కణంలో గ్లూటాథయోన్ అలాగ: ఖర్చవుతూ ఉంటుంది, ఎన్ఏడీపీహెచ్ అనే ఇంకో పదార్థం దాన్ని మళ్ళీ నింపుతూ ఉంటుంది. నింపేదానికన్నా ఖర్చు ఎక్కువైపోతే దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం.

ఇప్పుడు మీ ఫ్లోర్ క్లీనర్ సంగతి. బెంజాల్కోనియం క్లోరైడ్‌లో పాజిటివ్ చార్జ్ ఉన్న నైట్రోజన్ తల, దాని వెనక నూనెలాంటి పొడుగు తోక ఉంటాయి. బ్యాక్టీరియా పొరకి నెగెటివ్ చార్జ్ ఎక్కువ, అందుకే ఇది వెళ్ళి అక్కడ అతుక్కుని పొరని చీల్చేస్తుంది. చిక్కెక్కడంటే మన మైటోకాండ్రియా కూడా పూర్వకాలం బ్యాక్టీరియా నుంచి వచ్చినవే, వాటి లోపల కూడా నెగెటివే. కాబట్టి ఈ మందు బతికున్న కణం లోపలికి గనక వెళ్తే మైటోకాండ్రియా వైపు లాగబడుతుంది, ఎలక్ట్రాన్లు చేతులు మారే దారిలో మొదటి మెట్టయిన కాంప్లెక్స్ 1ని అడ్డుకుంటుంది, దాంతో లీకేజీ పెరుగుతుంది, గ్లూటాథయోన్ ఖర్చు పెరుగుతుంది. ల్యాబ్‌లో పెంచిన కణాల మీద ఇది చూశారు.

కానీ ల్యాబ్ ప్లేటులో కణాలు ఏ అడ్డూ లేకుండా గంటల తరబడి ఆ మందులోనే నానుతాయి, మీ పాప చర్మం పైన చచ్చిపోయిన కణాల పొర ఒకటి కవచంలా ఉంటుంది, దాన్ని దాటి లోపలికి వెళ్ళేది చాలా తక్కువ. పైగా కణానికి ఇంకో ఏర్పాటుంది: కీప్1 అనే ప్రోటీన్ తన సిస్టీన్లతో కాపలా కాస్తుంటుంది, ఏదైనా రసాయనం వాటికి తగలగానే ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్‌ని వదిలేస్తుంది, అది కేంద్రకంలోకి వెళ్ళి గ్లూటాథయోన్ తయారుచేసే జీన్లని ఆన్ చేస్తుంది. చిన్న చిన్న దెబ్బలకి కణం ఇలా సర్దుకుంటుంది.

నాకు బాధేసేది మూత లెక్క. లేబుల్ మీద బకెట్‌కి ఎంత వేయాలో ఉంటుంది, "వాసన రావట్లేదు" అని మూడింతలు పోసేస్తాం, నేల ఆరాక ఆ పొర అక్కడే మిగులుతుంది, పాప అరచేతులతో పాకి ఆ చేతులే నోట్లో పెట్టుకుంటుంది. కాబట్టి పాప పాకే గదిలో సబ్బు నీళ్ళతో తుడిస్తే చాలు, క్లీనర్ వాడాలనుకుంటే లేబుల్ మీద ఉన్నంతే కలిపి, అదయ్యాక మంచినీళ్ళతో ఇంకోసారి తుడిపించి, ఆరాక పాపని దింపండి. బాత్రూముకి, చెత్తబుట్ట దగ్గరికి క్లీనర్ వాడుకోండి, తప్పేం లేదు. పనావిడకి గ్లవ్స్ కొనిపెట్టండి, రోజుకి ఐదారిళ్ళలో ఆ నీళ్ళలో చేతులు పెట్టేది ఆవిడే.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్ళు కోవిడ్ అప్పుడు మొదలుపెట్టి ఇప్పటికీ వారానికోసారి లిఫ్ట్‌లో, కారిడార్‌లో డిసిన్ఫెక్టెంట్ స్ప్రే కొట్టిస్తున్నారు. నేల మీద సేఫ్ అయితే గాల్లో కూడా సేఫే కదా అంటున్నారు. – ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

కాదండీ. ఈ ఒక్క మాట మీ అసోసియేషన్ మీటింగ్‌లో గట్టిగా చెప్పండి.

దక్షిణ కొరియాలో చలికాలం ఇళ్ళల్లో హ్యూమిడిఫయర్లు పెట్టుకుంటారు, వాటి నీళ్ళలో పాచి పట్టకుండా కలిపే మందులు 1994 నుంచి షాపుల్లో అమ్మారు. అందులో ఉన్న పీహెచ్ఎమ్‌జీ లాంటి రసాయనాలు మామూలుగా తుడవడానికి, కడగడానికి వాడేవే, పెద్ద విషాలుగా ఎవరూ అనుకోలేదు. హ్యూమిడిఫయర్ వాటిని సన్నటి తుంపరగా చేసి రాత్రంతా ఊపిరితిత్తుల్లోకి పంపింది. 2011లో సియోల్‌లో గర్భిణులు, బాలింతలు వరసగా ఊపిరాడక ఆస్పత్రుల్లో చేరితే అప్పుడు బయటపడింది, అదే ఏడాది వాటిని మార్కెట్ నుంచి తీసేయించారు. చాలామంది చనిపోయారు, అందులో పసిపిల్లలు కూడా ఉన్నారు. అక్కడ దొరికిన ఇంకో రకం మందులో ఐసోథయజోలినోన్లు ఉన్నాయి, ఇవి నేరుగా గ్లూటాథయోన్ గంధకానికే అంటుకుని దాన్ని ఖాళీ చేసే రకం. చర్మానికున్న చచ్చిన కణాల కవచం ఊపిరితిత్తుల గాలి గదులకి ఉండదు, అక్కడ గాలికీ రక్తానికీ మధ్య చాలా పలచటి పొరే.

మన దేశంలో కూడా 2020 ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్య శాఖ మనుషుల మీద డిసిన్ఫెక్టెంట్ చల్లొద్దని, దానివల్ల హానే గానీ ఉపయోగం లేదని అడ్వైజరీ ఇచ్చింది. లిఫ్ట్ బటన్లు, హ్యాండ్‌రైల్ గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఇంకోటి, బ్లీచింగ్ ద్రావణాన్ని టాయిలెట్ యాసిడ్‌తో ఎప్పుడూ కలపనివ్వొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మీ హౌస్‌కీపింగ్ కుర్రాళ్ళకి ఈ విషయం ఎవరైనా వాళ్ళ భాషలో చెప్పారా? లిఫ్ట్ తలుపులు మూసుకున్నాక లోపల స్ప్రే కొట్టేది వాళ్ళే కదా.

దెబ్బ తగిలితే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తాను, నురగ వస్తుంది, క్రిములు చస్తున్నాయని మా నాన్నగారు చెప్పేవారు. మా అబ్బాయి పోయొద్దంటున్నాడు. – ఒక పెద్దాయన, యలహంక

మీ అబ్బాయి చెప్పింది నిజమండీ. ఆ నురగ మన కెటలేజ్ పని. రక్తంలో, దెబ్బ తిన్న కణాల్లో అది బోలెడంత ఉంటుంది, పెరాక్సైడ్ తగలగానే నీళ్ళు, ఆక్సిజన్‌గా విడగొట్టేస్తుంది, ఆ ఆక్సిజనే బుడగలు. పచ్చి బంగాళాదుంప ముక్క మీద పోసినా అలాగే నురగ వస్తుంది, చూడండి. కొన్ని క్రిములు చస్తాయి గానీ గాయాన్ని పూడ్చడానికి వచ్చే కొత్త కణాలు కూడా దెబ్బతింటాయి, మానడం ఆలస్యమవుతుంది. కుళాయి కింద ధారగా కడిగి, చుట్టూ సబ్బుతో శుభ్రం చేసి, లోతు గాయమైతే టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టర్ని అడగండి.

శానిటైజర్‌లో కూడా పెరాక్సైడ్ ఉందని ఇంకొకరు అడిగారు. డబ్ల్యూహెచ్‌వో ఫార్ములాలో అది 0.125 శాతమే, సీసాలోనే ఏవైనా స్పోర్లు (కొన్ని బ్యాక్టీరియా గింజల్లా మారి నిద్రపోయే రూపం) మిగిలిపోతే వాటిని చంపడానికి, చేతుల కోసం కాదు. చేతుల పని ఆల్కహాల్‌ది.

మా బాబుకి పుట్టగానే కామెర్లు వస్తే టెస్ట్ చేసి జీ6పీడీ లోపం అన్నారు. ఇవ్వకూడని మందుల లిస్ట్ ఒకటి ఇచ్చారు, అందులో కలరా ఉండలు కూడా ఉన్నాయి. అది మందే కాదు కదా, ఎందుకుంది? అత్తయ్య ఆ లిస్ట్‌ని అస్సలు నమ్మట్లేదు. – ఒక అమ్మ, కె.ఆర్.పురం

ఆ లిస్ట్ జాగ్రత్తగా దాచుకోండి, ఒక కాపీ మీ అత్తయ్యగారికి కూడా ఇవ్వండి, ఈ జవాబు ఆవిడకి చదివి వినిపించండి.

పైన గ్లూటాథయోన్‌ని మళ్ళీ నింపేది ఎన్ఏడీపీహెచ్ అన్నాను కదా. మామూలు కణాలు దాన్ని రెండు మూడు దారుల్లో తయారు చేసుకుంటాయి. ఎర్ర రక్తకణానికి ఆ వెసులుబాటు లేదు, దానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేదు, ఒకే ఒక్క దారి, ఆ దారికి మొదటి ఎంజైమ్ జీ6పీడీ. పైగా ఆ కణం దాదాపు 120 రోజులు బతకాలి, మధ్యలో ఎంజైమ్ పాడైతే కొత్తది తయారు చేసుకోలేదు. లోపం ఉన్నవాళ్ళలో ఈ ఎంజైమ్ బలహీనంగా ఉంటుంది, కణం ముసలిదయ్యేకొద్దీ ఇంకా తగ్గిపోతుంది. మామూలు రోజుల్లో ఏ తేడా తెలీదు, పిల్లాడు అందరిలాగే ఆడుకుంటాడు. ఆక్సీకరణ తెచ్చే పదార్థం ఏదైనా ఒంట్లోకి వెళ్ళినప్పుడు మాత్రం గ్లూటాథయోన్ అయిపోతుంది, హిమోగ్లోబిన్ పాడై ముద్దలు కడుతుంది, కణాలు గుంపులుగా పగిలిపోతాయి.

ఇది బయటపడిందే ఒక క్రిమిసంహార మందు వల్ల. మలేరియాకి ఇచ్చే ప్రైమాక్విన్ కొంతమందికి మాత్రమే రక్తం పగిలేలా చేస్తోందని చూసి, ఆ కొంతమందిలో తక్కువున్నది ఈ ఎంజైమేనని 1956లో అమెరికాలో తేల్చారు. మన దేశంలో వైవాక్స్ మలేరియాకి ఇప్పటికీ ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు, కాబట్టి బాబుకి ఎప్పుడైనా మలేరియా వస్తే ముందే ఈ సంగతి చెప్పాలి. కుష్ఠుకి వాడే డాప్సోన్, యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి వాడే నైట్రోఫ్యురాంటోయిన్, ఇవి కూడా ఆ కోవలోవే.

ఇక కలరా ఉండలు. వాటిలో చాలావరకు ఉండేది నాఫ్తలీన్. అది ఆవిరై ఊపిరి ద్వారా, చర్మం ద్వారా వెళ్తుంది, లివర్‌లో మారాక వచ్చే పదార్థాలు పైన చెప్పిన పనే చేస్తాయి. బీరువాలో ఏళ్ళ తరబడి ఉండల మధ్య దాచిన పాత దుప్పటో, పట్టు బట్టో తీసి పసిపిల్లాడికి కప్పడం మన ఇళ్ళల్లో ఎంత మామూలో మీకూ తెలుసు, ప్రేమగా చేసే పనే, అక్కడే ప్రమాదం. వాష్ బేసిన్‌లో వేసే తెల్ల గోళీలు కూడా తీసేయండి, పిల్లలు మిఠాయనుకుని నోట్లో పెట్టుకుంటారు. అలాగే గోరింటాకు. అందులో ఎర్రరంగు ఇచ్చే లాసోన్ కూడా నాఫ్తలీన్‌కి దగ్గరి చుట్టమే, ఈ లోపం ఉన్న పసిపిల్లలకి గోరింటాకు పెట్టాక రక్తం పగిలి ప్రాణాల మీదకి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ఆషాఢంలో అత్తయ్యగారు ముచ్చటపడినా బాబుకి వద్దని చెప్పండి.

బాబు ఉన్నట్టుండి పాలిపోయినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం డికాషన్ రంగులో వచ్చినా పొద్దున్నదాకా ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి, వెళ్ళగానే మొదటి మాట "జీ6పీడీ లోపం ఉంది" అని చెప్పండి. ఆ ఎంజైమ్ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, తల్లి నుంచి వస్తుంది, కాబట్టి మీ అన్నదమ్ములకి కూడా ఉండొచ్చు, టెస్ట్ చేయించుకోమనండి. మిమ్మల్ని ఎవరైనా దీనికి ఒక మాట అంటే అస్సలు పట్టించుకోవద్దు, ప్రపంచంలో 40 కోట్ల మందికి పైగా ఉన్న లోపం ఇది.

పీజీలో ఉంటాను, జ్వరం వస్తే డాక్టర్ సిప్రోఫ్లాక్సాసిన్ ఇచ్చారు. యాంటీబయోటిక్ వల్ల మైటోకాండ్రియా పాడవుతుందని, గ్లూటాథయోన్ టాబ్లెట్లు వేసుకోమని రూమ్మేట్ అంటున్నాడు. – ఒక పాఠకుడు, బీటీఎం లేఅవుట్

తమ్ముడూ, ఆ మాట వెనక నిజమైన పరిశోధనే ఉంది. 2007లో బోస్టన్‌లో జేమ్స్ కాలిన్స్ టీమ్, క్రిమిని చంపే యాంటీబయోటిక్స్ అన్నీ చివరికి బ్యాక్టీరియాలో హైడ్రాక్సిల్ రాడికల్స్ (ఆక్సిజన్ నుంచి పుట్టి, ఎదురైనదాన్నల్లా పాడుచేసేవి) పుట్టించే చంపుతాయి అని చెప్పింది. 2013లో వేరే రెండు టీమ్‌లు ఆక్సిజన్ లేకపోయినా ఈ మందులు చంపుతున్నాయని చూపించాయి, పెద్ద వాదనే నడిచింది. అదే 2013లో కాలిన్స్ టీమ్ మనిషి కణాల్లో, ఎలుకల్లో చూస్తే సిప్రో లాంటివి మైటోకాండ్రియాకి ఆక్సీకరణ దెబ్బ తెస్తున్నాయి, గ్లూటాథయోన్ తయారీకి ముడిసరుకైన ఎన్-అసిటైల్ సిస్టీన్ ఇస్తే అది తగ్గింది.

అక్కడి నుంచి "నేను కూడా టాబ్లెట్ వేసుకుంటా" అనడానికి చాలా దూరం ఉంది. నోటితో మింగిన గ్లూటాథయోన్‌లో చాలా భాగం పేగుల్లోనే విడిపోతుంది. ఎన్-అసిటైల్ సిస్టీన్ ఆస్పత్రుల్లో పారాసెటమాల్ ఎక్కువైనప్పుడు లివర్ గ్లూటాథయోన్ నింపడానికి ఇచ్చే మందు, సరదాగా వేసుకునేది కాదు. నీకు ఇచ్చిన కోర్సు చెప్పినన్ని రోజులు వాడు, కండరాన్ని ఎముకకి కట్టే నరంలాంటి చోట, ముఖ్యంగా మడమ వెనక, నొప్పి వస్తే మాత్రం వెంటనే డాక్టర్‌కి చెప్పు, ఈ జాతి మందులకి ఆ ఇబ్బంది ఉంది. నిజంగా మైటోకాండ్రియా మీద అంత ప్రేమ ఉంటే జలుబుకి మెడికల్ షాపులో యాంటీబయోటిక్ అడిగి తెచ్చుకోవడం మానేయండి ఇద్దరూ.

నాన్నకి గ్లకోమా, ఏళ్ళుగా చుక్కల మందు. దాంట్లో కూడా బెంజాల్కోనియం ఉంది! – ఒక పాఠకురాలు, జయనగర్

ఉంటుందమ్మా, సీసా తెరిచాక క్రిములు పెరగకుండా ప్రిజర్వేటివ్‌గా వేస్తారు. ఏళ్ళ తరబడి వాడితే కంటి పైపొర పొడిబారడం, మంట రావడం తెలిసిన విషయమే. మైటోకాండ్రియా జన్యులోపం వల్ల చూపు పోయే లెబర్ జబ్బున్నవాళ్ళ కణాలు దీనికి ఇంకా ఎక్కువ దెబ్బతింటున్నాయని 2017లో ఒక ల్యాబ్ స్టడీ వచ్చింది. అలాగని చుక్కలు ఒక్క పూట కూడా ఆపొద్దు, గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. ప్రిజర్వేటివ్ లేని రకం దొరుకుతుందా అని కంటి డాక్టర్ని అడగండి, ధర కొంచెం ఎక్కువుంటుంది.

మేడమ్, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నా. మన కణాల రక్షణ గురించే అందరూ రాస్తారు, మరి క్రిములకి ఈ రక్షణ ఉండదా? – ఒక విద్యార్థిని, బెంగళూరు

మంచి ప్రశ్న అడిగావమ్మా. ఉంటుంది, చాలా గట్టిగా ఉంటుంది. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాలో ఆక్సీఆర్ అనే ప్రోటీన్‌లో రెండు సిస్టీన్లు ఉంటాయి, పెరాక్సైడ్ తగలగానే అవి రెండూ ఒకదానికొకటి ముడిపడతాయి, ఆ ముడితోనే కెటలేజ్ జీన్ ఆన్ అవుతుంది. బ్లీచ్ తగిలినప్పుడు ఇంకా విచిత్రం, 2008లో ఉర్సులా యాకోబ్ టీమ్ చూపించింది: బ్లీచ్‌కి ప్రోటీన్లన్నీ విరిగి ముద్దవుతుంటే హెచ్ఎస్‌పీ33 అనేది మాత్రం ఆ బ్లీచ్ వల్లే విప్పుకుని పనిలోకి దిగి మిగతావాటిని ముద్ద కట్టకుండా పట్టుకుంటుంది. మన తెల్ల రక్తకణాలు కూడా క్రిముల మీద బ్లీచ్‌లో ఉండే ఆ హైపోక్లోరస్ ఆమ్లాన్నే చల్లుతాయి, కాబట్టి క్రిములకి అది కొత్త శత్రువేం కాదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ టీబీ క్రిమిది. దానికి గ్లూటాథయోన్ ఉండదు, బదులుగా మైకోథయోల్ ఉంటుంది, దాంతోపాటు క్యాట్‌జీ అనే కెటలేజ్. టీబీ మందు ఐసోనియజిడ్ సీసాలో ఉన్నప్పుడు ఏమీ చేయదు, క్రిమి లోపల ఈ క్యాట్‌జీయే దాన్ని విషంగా మారుస్తుంది. అంటే క్రిమి తన కవచంతోనే తన చావు తయారు చేసుకుంటుంది. 1956లో మద్రాసులో మొదలుపెట్టి 1959లో ఫలితాలు ఇచ్చిన స్టడీ గురించి చదివే ఉంటావు, శానిటోరియంలో పెట్టినవాళ్ళకీ, ఇంట్లోనే ఉండి మందులు వాడినవాళ్ళకీ నయమవడంలో తేడా లేదని తేల్చింది, అందులో ఇచ్చినవి ఐసోనియజిడ్, పీఏఎస్ మందులే. ఇరుకు గదుల్లో ఉండే పేదవాళ్ళకి ఇంటి దగ్గరే వైద్యం కుదిరిందంటే అందులో ఈ ఎంజైమ్‌కి కూడా వాటా ఉంది.

మరి క్రిమి తప్పించుకోవాలంటే? క్యాట్‌జీని వదిలేయొచ్చు. ఐసోనియజిడ్‌కి లొంగని టీబీ క్రిముల్లో కెటలేజ్ పోయిందని మిడిల్‌బ్రూక్ అనే శాస్త్రవేత్త 1954లోనే గమనించాడు. కానీ కెటలేజ్ మొత్తం వదిలేస్తే మన తెల్ల రక్తకణాలు వేసే పెరాక్సైడ్‌కి తట్టుకోవడం కష్టం. అందుకే పేషెంట్లలో ఎక్కువగా కనిపించేది ఇంకో రకం మార్పు, క్యాట్‌జీ గొలుసులో 315వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం పోయి థ్రియోనిన్ వస్తుంది, దాంతో కెటలేజ్ పని చాలావరకు నిలబడుతుంది, ఐసోనియజిడ్‌ని విషంగా మార్చే పని మాత్రం బాగా తగ్గిపోతుంది. ఇప్పుడు టీబీ ల్యాబుల్లో కఫం శాంపిల్‌కి చేసే లైన్ ప్రోబ్ టెస్ట్‌లో (క్రిమి జీన్లలో మార్పులు వెతికే పరీక్ష) ఐసోనియజిడ్ కోసం వెతికే రెండు చోట్లలో ఒకటి ఇదే, రెండోది ఇన్‌హెచ్‌ఏ, క్యాట్‌జీ తయారు చేసిన విషం వెళ్ళి పట్టుకునే ఎంజైమ్. ఆ ఇన్‌హెచ్‌ఏ కుటుంబంలోదే ఫ్యాబ్‌ఐ అనే ఇంకో ఎంజైమ్ ఉంది, 2016లో అమెరికా ఎఫ్‌డీఏ సబ్బుల్లోంచి తీసేయించిన ట్రైక్లోసాన్ బ్యాక్టీరియాలో పట్టుకునేది దాన్నే. ప్రాజెక్ట్‌కి టాపిక్ వెతుక్కుంటుంటే ఆ రెండు ఎంజైమ్‌లూ పక్కపక్కన పెట్టి చదువు, సందేహాలుంటే మళ్ళీ రాయి.